చేయి, చేతి, చేత: ఒక మూలద్రావిడ అవయవపదం వ్యుత్పత్తి, విభక్తిరూపాలు – ఉద్దానం వాడుక ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగులో 'చేయి' అనే అవయవవాచకాన్ని 'చేయు' ధాతువు నుంచి సాధించే వివరణ చాలాకాలంగా బోధనలో నిలిచి ఉంది. ధ్వనిసామ్యం, అర్థసామ్యం రెండూ ఆ వివరణకు తోడ్పడుతున్నాయి. సోదరభాషల సాక్ష్యం మాత్రం ఈ రెండు పదాలకూ వేర్వేరు మూలాలను చూపుతున్నది. 'చేతి', 'చేతులు', 'చేత' అనే విభక్తిరూపాలను పరిశీలిస్తే అదే నిర్ణయం బలపడుతుంది. శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల్లో వినిపించే 'సెయ్యి' రూపానికి ఈ చర్చలో దక్కవలసిన స్థానాన్నీ, పొరుగున ఉన్న సవర భాషాపదంతో దానికి కనిపించే పోలికనూ ఈ వ్యాసం విచారిస్తుంది.

కీలకపదాలు: మూలద్రావిడం, ఔపవిభక్తికం, తాలవ్యీకరణం, ద్రుతప్రకృతికం, ఉత్తరాంధ్ర మాండలికం, సవర.

ఉపోద్ఘాతం

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో యంత్రాలు ఎన్ని వచ్చినా పని చేతిదే. పిక్కను కోసి పప్పును విడదీసేటప్పుడు తొక్కలోని జీడి సొన వేళ్ళకు అంటుకుంటుంది. అది చర్మాన్ని కాల్చి పుండ్లు చేస్తుంది కనుక నూనె గానీ బూడిద గానీ రాసుకొని పనికి కూర్చుంటారు. అటువంటి చోట చేతిని గురించిన మాట రోజుకు ఎన్నిసార్లు దొర్లుతుందో ఊహించవచ్చు. ఆ మాట అక్కడ 'సెయ్యి'. ఏకవచనంలో ఔపవిభక్తికం 'సేతి', బహువచనం 'సేతులు'. బడిలో దీన్ని 'చెయ్యి' అని దిద్దిస్తారు. దిద్దించిన తరువాత పదానికి అర్థం చెబుతూ, పనులు చేసేది కనుక చేయి అయిందని వివరిస్తారు.

ఈ బోధనలో రెండు తీర్పులు ఇమిడి ఉన్నాయి. పిల్లవాడు ఇంటినుంచి తెచ్చుకున్న రూపం తప్పు అన్నది మొదటిది. పదం పుట్టుక అందరికీ తెలిసినదే అన్నది రెండవది. రెండూ నిలిచేవి కావు. రెండవదానిని ముందుగా పరీక్షించడం అవసరం, ఎందుకంటే పుట్టుక తేలితే రూపం సంగతి తేలికవుతుంది.

'చేసేది చేయి' అనే వివరణ

ఈ వివరణ ఊరికే పుట్టలేదు. సంస్కృత సంప్రదాయంలో 'కర' శబ్దాన్ని 'కృ' ధాతువు నుంచి సాధిస్తారు. చేసేది కరము. అమరకోశం చదివి తెలుగు పదాలకు వ్యుత్పత్తి వెదికిన పండితులకు కరమునకు ఏ న్యాయమో చేయికీ అదే న్యాయమని తోచడం సహజం. దానికి తోడు ఆధునిక వ్యవహారంలో అవయవవాచకమైన 'చెయ్యి', విధ్యర్థకమైన 'చెయ్యి' అక్షరాలా ఒకటే. ఒకే ధ్వని, దగ్గరి అర్థం. ఇంతకన్నా ఏమి కావాలని అడగవచ్చు.

కావలసింది ధ్వనిసూత్రం. ఒక పదం మరొక పదం నుంచి పుట్టిందనడానికి ఆ పుట్టుకకు దారి చూపే వ్యాకరణ ప్రక్రియ ఆ భాషలో ఉండాలి. స్లావిక్ భాషల్లోని చేతి పదంతో పోలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. రష్యన్ 'రుకా', పోలిష్ 'రెంక' మొదలైన వాటి ఆధారంగా మూలస్లావిక్‌కు '*రొంకా' అనే రూపాన్ని పునర్నిర్మించారు. దానికి లిథువేనియన్‌లో 'రంక' సమానపదం. అదే లిథువేనియన్‌లో 'రింక్తి' అంటే పోగుచేయు, ఏరు. ఏరేది కనుక చేయి అనే వ్యుత్పత్తిని అక్కడి భాషావేత్తలు సాధారణంగా అంగీకరిస్తారు. అంగీకారానికి కారణం అర్థం ఒక్కటే కాదు. ధాతువులోని అచ్చు మారి నామవాచకం ఏర్పడడం ఇండో–యూరోపియన్ భాషల్లో ఒక నియమబద్ధమైన ప్రక్రియ. 'రింక్–', 'రంక్–' ఆ ప్రక్రియకు లొంగుతాయి. అంటే క్రియనుంచి చేతికి పేరు రావడం లోకంలో లేని విషయం కాదు. అయితే ప్రతి భాషలోనూ దానికి వేరుగా రుజువు చూపాలి. తెలుగులో ఆ రుజువు ఉన్నదా అన్నదే ప్రశ్న.

రెండు మూలాలు

తమిళంలో చేయి 'కై', చేయుట 'చెయ్'. కన్నడంలో చేయి 'కయ్', చేయుట 'గెయ్'. గోండిలో చేయి 'కయ్', చేయుటకు ధాతువు 'కీ–'. కువి భాషలో చేయి 'కెయు', ధాతువు 'కీ–'. తెలుగులో మాత్రమే ఈ రెండూ 'చే–' తో మొదలై కలిసిపోయినట్లు కనిపిస్తాయి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984) ఈ రెంటినీ వేర్వేరు ఆరోపాలుగానే చూపింది. చేయి పదానికి '*కయ్', చేయు ధాతువుకు '*కెయ్' మూలరూపాలు.

ఈ రెండింటిలోని అచ్చు భేదం ఎంత పాతదో తమిళమే తేల్చి చెబుతుంది. తమిళంలో తాలవ్యాచ్చులైన ఇ, ఎ ల ముందున్న పదాది కకారం చకారమైంది. చెవికి కన్నడంలో 'కివి', గోండిలో 'కెవి', తమిళంలో 'చెవి'. ఈ సూత్రం ప్రకారమే '*కెయ్' తమిళంలో 'చెయ్' అయింది. మరి 'కై' ఎందుకు మారలేదు? దానిలోని అచ్చు అకారం కనుక. అకారం ముందు కకారానికి ఈ మార్పు రాదు. తమిళంలో తాలవ్యీకరణం జరిగే నాటికే ఈ రెండు పదాల్లో రెండు వేర్వేరు అచ్చులు ఉన్నాయన్నమాట. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందనాలంటే, ధాతువులోని ఎకారం అకారంగా మారి అవయవనామాన్ని సాధించే ప్రక్రియను మూలద్రావిడంలో చూపాలి. స్లావిక్‌కు ఉన్న ఆ సౌకర్యం ద్రావిడానికి లేదు.

తెలుగులో జరిగింది రెండు మెట్ల మార్పు. మొదట యకారం ముందున్న అకారం ఎకారమైంది: '*కయ్' కాస్తా '*కెయ్' అయింది. ఈ మెట్టు తెలుగుకే ప్రత్యేకం కాదు; పర్జీలో 'కెయ్', కువిలో 'కెయు' దీనిని చూపుతున్నాయి, గోండి 'కయ్', కుయి 'కాజు' మాత్రం పాత అచ్చును నిలుపుకున్నాయి. తరువాత తెలుగు తాలవ్యీకరణం వచ్చి కకారాన్ని చకారం చేసింది. ఈ క్రమం తారుమారైతే తెలుగులో నేడు 'చేయి' ఉండేది కాదు. రెండు వేర్వేరు వాగులు కొంతదూరం వచ్చి ఒకే పాయలో కలిసినట్లు '*కయ్', '*కెయ్' తెలుగులో కలిశాయి. కలిసిన చోట నిలబడి చూసినవారికి పుట్టుక కూడా ఒకటే అనిపించింది.

కై, కేలు, కైసేత

ఈ వాదానికి తెలుగు వెలుపలి సాక్ష్యమే కావాలన్న నియమం లేదు. కైకొను, కైదండ, కైవసము, కైమోడ్పు వంటి పదాల్లో పాత అచ్చూ పాత హల్లూ రెండూ భద్రంగా ఉన్నాయి. వీటిలో కొన్నింటికి కన్నడ, తమిళ సమానరూపాలు ఉన్నందున ఎరువుతెచ్చుకున్నవేమోనన్న శంక రావచ్చు. కైకొను విషయంలో ఆ శంకను పూర్తిగా తోసివేయలేము. అయితే సమాసపు పూర్వపదంలో చిక్కుకున్న రూపం స్వతంత్రపదానికి వచ్చిన మార్పును తప్పించుకోవడం ఏ భాషలోనైనా జరిగేదే. 'కై' దేశ్యమైనా, ఎరువైనా ఒక్క విషయం మిగులుతుంది: చేయు ధాతువు పక్షాన ఇటువంటి 'కై' రూపం తెలుగులో ఒక్కటీ లేదు.

వీటన్నిటిలో 'కైసేయు' ప్రత్యేకంగా గమనించదగినది. అలంకరించు అన్న అర్థంలో కావ్యభాషలో ప్రసిద్ధమైన ఈ మాటలో చేయి, చేయు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చేయి 'కై' గానూ, చేయు 'సేయు' గానూ. ఒకే ఇంటిబిడ్డలని నమ్మించిన రెండు పదాలు ఒకే సమాసంలో రెండు వేర్వేరు ముఖాలతో నిలబడిన సందర్భం ఇది. వ్యుత్పత్తి పాఠం చెప్పే వేళ ఈ ఒక్క పదాన్ని నల్లబల్ల మీద రాసినా చాలు.

'కేలు' కొంచెం చిక్కు. దీర్ఘ ఏకారం ముందు కకారం మారకుండా ఉన్నది. తాలవ్యీకరణ సూత్రానికి ఇది అపవాదమా? అపవాదం అనడంకన్నా, కై రూపం మీద లకార ప్రత్యయం చేరి అచ్చు సంకోచం పొందినది తాలవ్యీకరణం ముగిసిన తరువాతనే అని గ్రహించడం యుక్తం. అప్పుడు కేలు సూత్రాన్ని భంగపరచదు. పైగా సూత్రం ఎప్పుడు ఆగిపోయిందో చెప్పే గుర్తు అవుతుంది.

'చేతి'లోని తకారం

వ్యుత్పత్తి చర్చలు తరచుగా ప్రథమా ఏకవచనంతో ముగుస్తాయి. ఈ పదం విషయంలో అది పెద్ద లోపం. అసలు తగాదా విభక్తిరూపాల్లో ఉన్నది.

చేయి, చేతి, చేతులు. ప్రథమలో లేని తకారం ఎక్కడినుంచి వచ్చింది? 'చేయు' పక్షపాతులకు ఇక్కడ మరొక ఆధారం దొరికినట్లుంటుంది: చేయు ధాతువు భావార్థకం 'చేత' లో కూడా తకారమే ఉన్నది కదా. మాటలూ చేతలూ అనేటప్పటి చేత. కనుక చేతి అన్నది చేత నుంచే వచ్చిందనవచ్చునేమో.

దీనికి సమాధానం నేతిగిన్నెలో ఉన్నది. నేయి, నేతి అన్నవి ఘృతవాచకపు రూపాలు. నేయు, నేత అన్నవి మగ్గానికి సంబంధించినవి. వ్యవహారంలో 'నెయ్యి' అంటే అన్నంలో వేసుకునేది, మగ్గం మీద నెయ్యమని చెప్పడం కూడా 'నెయ్యి'. చేయి–చేయు జంటకూ నేయి–నేయు జంటకూ రూపంలో వెంట్రుకవాసి తేడా లేదు. అయినా నెయ్యి నేతపని నుంచి పుట్టిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అనకపోవడానికి కారణం అక్కడ అర్థం సహకరించకపోవడమే. చేయి విషయంలో అర్థం కాస్త సహకరించింది కనుక రూపాన్ని పరీక్షించడం మానివేశారు. పొందూరు ఖద్దరుకు పేరుపొందిన జిల్లాలో 'చేనేత' అన్న సమాసాన్నే తీసుకుంటే, 'చే' నామం, 'నేత' క్రియాజన్యం. రెండు పదాల రూపనిర్మాణం వేరని ఆ సమాసమే చెబుతున్నది.

తకారం ధాతువుకు చెందినది కాదు, యి–కారాంత నామాల ఒక వర్గానికి చెందినది. నూయి–నూతి–నూతులు, గోయి–గోతి–గోతులు, నేయి–నేతి, ఱాయి–ఱాతి, ప్రాచీనభాషలో నోటికి పర్యాయమైన వాయి–వాతి. నూయికి గానీ వాయికి గానీ ధాతువు వెదికి తకారాన్ని సమర్థించే అవకాశం లేదు. సంప్రదాయ వ్యాకరణం ఇ, టి, తి అనే మూడింటిని ఔపవిభక్తికాలుగా గుర్తించింది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివిన ప్రతి విద్యార్థికీ ఇది తెలిసిన విషయమే. తులనాత్మక దృష్టితో చూస్తే టి, తి రెండూ దూరపు చుట్టాలు: కన్ను–కంటి లోని టకారం, చేయి–చేతి లోని తకారం ఒకే పాత నామాంగ ప్రత్యయానికి వేర్వేరు పరిసరాల్లో ఏర్పడ్డ రూపాలు. మూర్ధన్య ణకారం పక్కన అది టకారమైంది, యకారం లోపించిన చోట తకారంగా నిలిచి ముందరి అచ్చును దీర్ఘం చేసింది.

బహువచనం కూడా ఆసక్తికరమే. గోండిలో 'కయ్' బహువచనం 'కయ్క్', కుయిలో 'కాజు'కు 'కాస్క'. ఈ సోదరభాషల్లో కకార బహువచనం నేరుగా ప్రాతిపదికకు చేరింది. తెలుగు మాత్రం లు–ప్రత్యయాన్ని తకారం చేరిన అంగానికి తగిలించింది. ఱాయికి ఱాలు, వేయికి వేలు, రేయికి రేలు అన్న చోట తకారం లేదు. అంటే యి–కారాంతాలన్నీ ఒకే దారిలో నడవలేదు. చేయి, నూయి, గోయి ఒక జట్టు. వేయి, రేయి మరొక జట్టు. ఱాయి ఏకవచనంలో ఒక జట్టుతోనూ బహువచనంలో మరొక జట్టుతోనూ చేరింది. చేతి రూపాన్ని 'విశేషరూపం' అని పేర్కొని వదిలివేయడం ఉపాధ్యాయునికి సులభమే గానీ, జట్టు మొత్తాన్ని ఒకచోట ఉంచి చూపితే విద్యార్థికి కంఠస్థం చేసే భారం తప్పుతుంది. ఉద్దానం ప్రాంతంలో నుయ్యి, గొయ్యి నిత్యవ్యవహారంలోని మాటలు కనుక అక్కడి విద్యార్థికి ఈ జట్టు కొత్తది కాదు.

తృతీయావిభక్తిలోని చేయి

'వానిచేత చేయించెను' అన్నప్పటి చేత ఏ చేత? ఇది చేయి నుంచి వచ్చిందా, చేయు నుంచి వచ్చిందా అన్న సందేహం పాతదే. కర్తృత్వాన్ని తెలిపే ప్రత్యయం కనుక చేయు ధాతువుకే చెందుతుందనడం మొదటి చూపుకు బాగానే ఉంటుంది. షష్ఠ్యర్థంలో ఉన్న 'వాని' అన్న రూపం రెండు పక్షాలకూ సరిపోతుంది: వాని చేయి అనవచ్చు, వాని చేత అనీ అనవచ్చు. కనుక ముందున్న పదం ఈ తగాదాను తీర్చదు. తీర్చేది చివరనున్న ద్రుతం.

చిన్నయసూరి చెప్పిన తృతీయాప్రత్యయాలు చేతన్, చేన్, తోడన్, తోన్. నాలుగూ ద్రుతాంతాలే. భావార్థకమైన 'చేత' అన్న నామం ప్రథమలో కళ. దానికి ద్రుతం లేదు. మరి ద్రుతంతో కూడిన '–తన్' ఎక్కడ దొరుకుతుంది? ఇంటన్, కంటన్, నోటన్, నూతన్, వాతన్ అనే అధికరణార్థక రూపాల్లో దొరుకుతుంది. కంటఁబడు, నోటఁబలుకు, నూతఁబడు అనేటప్పుడు వినిపించేది ఇదే. ఆ వరుసలో చేయి ఉంచవలసిన చోటే 'చేతన్' ఉన్నది. చేతఁబట్టు అన్న వాడుక దానికి నిదర్శనం. 'వానిచేతన్' అంటే మొదట 'అతని చేతిలో' అని అర్థం. చేతిలో పెట్టిన పని అతని వల్ల జరిగిన పని కావడానికి అర్థపరంగా ఒక్క అడుగే దూరం. హిందీలో 'కే హాథోఁ' అన్న పదబంధం ఇదే దారిలో నడిచింది.

'చేన్' రూపం ఈ నిర్ణయాన్ని మరింత గట్టిపరుస్తుంది. చేపట్టు, చేజారు, చేవ్రాలు, చేయూత అన్న వాటిలో చేయికి 'చే' అనే సంక్షిప్తాంగం ఉన్నది. ద్రుతంతో కలిసి చేన్ అయినది అదే. భావార్థకమైన చేతకు ఇటువంటి సంక్షిప్తరూపం ఏర్పడలేదు. వ్యాకరణ సంప్రదాయం సంధికార్యం కోసం ఏర్పరచుకున్న కళా–ద్రుతప్రకృతిక విభాగం ఇక్కడ చరిత్రను నిర్ణయించే సాధనమైంది. పాత వ్యాకరణాన్ని పక్కనబెట్టి తులనాత్మకం ఒక్కదానితోనే పని నడుస్తుందనుకునేవారు గమనించవలసిన సందర్భం ఇది.

ఉద్దానంలో 'సెయ్యి'

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలతో కూడిన ఉద్దానానికి ఆ పేరు 'ఉద్యానం' నుంచి వచ్చిందని జనవ్యవహారంలో చెప్పుకుంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల నేల అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఆ తోటలను కూల్చింది. చేతికొచ్చిన పంట, చేతికొచ్చిన చెట్టు అన్న మాటలు అటువంటి వేళల్లో ఎంత బరువుగా పలుకుతాయో వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడి నోట అవి 'సేతికొచ్చిన' గానే పలుకుతాయి.

ఉత్తరాంధ్ర వాడుకలో పదాది చకారం సకారంగా వినిపించడం ఒక్క పదానికి పరిమితం కాదు. సెప్పు, సెవి, సెరువు, సింత, సీర, సేను – అన్నీ ఒకే సూత్రాన్ని పాటిస్తాయి. సూత్రాన్ని పాటించే మార్పును ఉచ్చారణదోషమని పిలవడం శాస్త్రం కాదు. '*కయ్' నుంచి '*కెయ్', అక్కడినుంచి 'చెయ్యి', దానినుంచి 'సెయ్యి'. మొదటి మూడు మెట్లు ఎక్కినవారిని శిష్టులనీ, నాలుగో మెట్టు ఎక్కినవారిని పామరులనీ అనడానికి భాషాశాస్త్రంలో ఆధారం లేదు. తమిళ సామాన్య ఉచ్చారణలోనూ పదాది చకారం సకారంగానే వినిపిస్తుంది. 'చెయ్' అక్కడ నోటిలో 'సెయ్' అవుతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ప్రథమమీది పరుషాలకు గసడదవలు వస్తాయన్న సూత్రం ప్రకారం చేయు 'సేయు' కావడం కావ్యభాషలో సలక్షణం, సొంపు కూడా. పైన చెప్పిన కైసేతలోని సకారం కూడా ఇటువంటిదే. రెండు అచ్చుల నడుమ చకారం తేలికపడి సకారమైతే పండితులు ఆదేశమన్నారు. పలాస సంతలో పదాదిన అదే జరిగితే అపభ్రంశమన్నారు. ఈ రెండు మార్పులూ చారిత్రకంగా ఒకటేనని చెప్పడం తొందరపాటవుతుంది. ఒకటి పదాల నడుమ సంధిస్థానంలో జరిగేది, మరొకటి పదాదిన ఎక్కడైనా జరిగేది. అయితే చకారం సకారం వైపు మొగ్గడం తెలుగుకు పరాయి స్వభావం కాదని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

ఇంకొక గమనిక. సకారం వచ్చినా విభక్తిలోని భేదాలు చెక్కుచెదరలేదు. సెయ్యి–సేతి–సేతులు అవయవం, సేసినాడు–సేత్తాడు క్రియ. 'ఆడిసేత' అన్నది తృతీయ. ప్రామాణికభాష నిలుపుకున్న ప్రతి తేడానూ ఈ మాండలికం కూడా నిలుపుకున్నది. ధ్వని ఒక్కటే మారింది, వ్యాకరణం మారలేదు.

తెలుగు మాండలికాల అధ్యయనంలో వ్యవసాయ పదకోశం (1962), చేనేత పదకోశం (1971) వంటివి చేసిన సేవ చిన్నది కాదు. వాటి లక్ష్యం వృత్తిపదాలు కనుక కన్ను, చేయి, నోరు వంటి మూలపదాల విభక్తిరూపాలు ప్రాంతాలవారీగా వాటిలో దొరకాలనుకోవడం న్యాయం కాదు. వ్యుత్పత్తి పరిశోధనకు మాత్రం అత్యవసరమైనవి ఈ మూలపదాలే. నాగలి భాగాల పేర్లు ఎరువుగా రావచ్చు, యంత్రంతోపాటు మారవచ్చు. చేతి పేరు, దాని ఔపవిభక్తికం అంత తేలికగా మారవు.

సవర పొరుగు, ఒక పొరపాటు దారి

మందస నుంచి పడమరకు మహేంద్రగిరి వైపు కదిలితే సవర పల్లెలు వస్తాయి. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. అందులో చేయికి మాట 'సి'ఇ'. నడుమ కంఠద్వారం దగ్గర ఊపిరి ఒక క్షణం ఆగుతుంది. ఉద్దానం 'సెయ్యి' పక్కన ఈ మాటను ఉంచితే ఎవరికైనా ఆశ పుడుతుంది: తెలుగువారి సకారం సవరల నుంచి వచ్చిందేమో, లేదా సవరలే తెలుగు మాటను తీసుకున్నారేమో.

రెండూ కావు. సంతాలీలో చేయి 'తి', ముండారీలో 'తి'ఇ'. దూరాన ఉన్న ఆస్ట్రో–ఏషియాటిక్ భాషలైన ఖ్మేర్‌లో 'డై', వియత్నామీలో 'తై'. సవర సకారం వెనుక ఉన్నది తకారం. తెలుగు మాండలిక సకారం వెనుక చకారం, దాని వెనుక కకారం. ఒకటి దంతమూలం దగ్గర బయలుదేరింది, మరొకటి కంఠం దగ్గర బయలుదేరింది. ఇద్దరూ సకారం దగ్గర కలుసుకున్నారు. 'చేయి'నీ 'చేయు'నీ కలిపిన పొరపాటుకూ, 'సెయ్యి'నీ 'సి'ఇ'నీ కలపబోయే పొరపాటుకూ మూలం ఒక్కటే: చివరి రూపాన్ని చూసి మొదటి రూపాన్ని ఊహించడం. మార్పు పూర్తయిన చోట రెండు పదాలు ఒకేలా ఉన్నాయంటే, మార్పుకు ముందు అవి ఎలా ఉన్నాయో అడగవలసి ఉంటుంది.

ఇదే ప్రాంతంలో ఇచ్ఛాపురం, సోంపేట పరిసరాల్లో ఒడియా మాట్లాడేవారికి చేయి 'హాత'. సంస్కృత 'హస్త' ప్రాకృతంలో 'హత్థ'గా మారి అక్కడికి చేరింది. ఈ పదంతో ఎవరికీ భ్రమ కలగదు, ధ్వని పోలిక లేదు కనుక. పోలిక లేని చోట వివేకం సులభమే.

గిడుగు రామమూర్తి (1863–1940) ఈ విషయంలో చూపిన జాగ్రత్త నేటి క్షేత్రపరిశోధకులకు నమూనా. శ్రీకాకుళం దగ్గర పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ సవర నేర్చుకున్న ఆయన ఆ భాషకు వ్యాకరణం (1931), నిఘంటువు (1938) రచించారు. సవర నామాలకు పూర్తిరూపమే కాక సమాసంలో చేరేటప్పుడు వచ్చే కుదింపురూపం కూడా ఉంటుంది. చేయికి 'సి' అటువంటిది. ఆ రెండు రూపాలనూ పక్కపక్కన నమోదు చేయకపోతే ఆ భాషలోని పదనిర్మాణం సగమే తెలుస్తుంది. వాడుకభాష కోసం పోరాడిన ఆ పండితునికి, కొండభాషలో ఒక్కొక్క పదాన్ని దాని అన్ని రూపాలతో రాసుకోవడం ఎంత అవసరమో తెలుసు.

తెలుగు మాండలిక సేకరణలో ఈ పద్ధతి ఇంకా స్థిరపడలేదు. మాదిరి పదపట్టికలు సాధారణంగా ప్రథమా ఏకవచనాన్నే అడుగుతాయి. టెక్కలిలో ఒకరిని 'దీన్ని ఏమంటారు' అని చేయి చూపి అడిగితే 'సెయ్యి' అన్న జవాబు వస్తుంది, పట్టికలో ఒక గడి నిండుతుంది. ఆ గడిలో ఉన్న మాట సవర మాటలా కనిపిస్తుంది, క్రియలాగానూ కనిపిస్తుంది. దాని పక్కన 'సేతిలో', 'సేతులు', 'ఆడిసేత' అన్న మూడు గడులు చేర్చితే, సవరలో లేని తకారమూ, క్రియలో లేని బహువచనమూ అక్కడే కనిపిస్తాయి. అందుకు అదనంగా అడగవలసినవి మూడే ప్రశ్నలు.